మా సరమ చదువు

సంస్కృతంలో 'శిక్ష' అంటే నేర్పడం, నేర్చుకోవడం. వేదాంగాలలో ఒకటైన శిక్ష, వర్ణాలను ఎలా పలకాలో చెప్పే శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగానికి శీక్షావల్లి అని పేరు. 'విద్యను గ్రహించడం' అనే అర్థంలో ఈ ధాతువును వైయాకరణులు పఠించారు. శక్ ధాతువు నుంచి 'చేయగలగాలనే కోరిక' అని వ్యుత్పత్తి చెప్పేవారూ ఉన్నారు. ఇంత చక్కని మాట తెలుగునాట అడుగుపెట్టి దండన అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఉత్తరాదివారికి శిక్షామంత్రి అంటే చదువుల శాఖ చూసే అమాత్యుడు. మనకు ఆ మాట వినగానే చెరసాలల శాఖ కాబోలు అనిపిస్తుంది. నేర్పడం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు 'శిక్షణ' అని ఒక ణకారం తగిలించుకొని, అది వేరు, ఇది వేరు అని సమాధానపడుతూ ఉంటాము. ఉద్యోగంలో చేరేముందు నేను పొందినది కూడా తెలుగు పండిత శిక్షణే. ముప్పైయారేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న ఆ ఒక్క అక్షరం దూరాన్ని ఒక కుక్క కోసం కొలవవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ కుక్క పేరు సరమ. జాతికుక్క కాదు, ఊరకుక్కే. గోధుమవన్నె ఒళ్ళు, నుదుట తెల్లని చుక్క. 2021 వానాకాలంలో మా వీధి మురుగుకాలువ పక్కన తడిసి ముద్దై వణుకుతూ ఉంటే మా ఆవిడే కొంగున చుట్టి తెచ్చింది. పేరు పెట్టే అధికారం మాత్రం నాకు దక్కింది. ఋగ్వేదంలో పణులు దాచిన గోవుల జాడ తీసిన దేవశుని సరమ. ఆమె సంతానం కనుకనే కుక్కను సారమేయమన్నారు. ఇంత అర్థం నేను చెప్పినా వీధిలోని వారికి నోరు తిరగక 'శర్మ' అని పిలుస్తూ వచ్చారు. ఆ పేరు గలవారెవరూ మా వీధిలో లేకపోవడం మా అదృష్టం.

ఎనిమిది నెలల పిల్లగా ఉండగా రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద నాలుగు వీధికుక్కలు దానిని చుట్టుముట్టి చెవి చీల్చాయి. ఎవరో పుణ్యాత్ముడు కఱ్ఱ తీసుకొని వచ్చి వాటిని తరిమాడు. కఱ్ఱ పట్టిన మనిషి తనను కాపాడటానికే వచ్చాడని దానికెలా తెలుస్తుంది? కుక్కలు, నొప్పి, కఱ్ఱ అన్నీ ఒకే ముద్దగా దాని మనసులో పడిపోయాయి. అది మొదలు, ఎదుట మరొక కుక్క కనబడినా, చేతిలో పొడుగాటి వస్తువుతో మనిషి కనబడినా మెడమీది వెండ్రుకలు నిక్కబొడుచుకొని, గొలుసు తెంచుకునేటట్టు ఎగిరి మొరిగేది. ఇట్టి కుక్కలను ఇంగ్లీషులో రియాక్టివ్ అంటారట. నేను తెలుగుమాట వెదికాను. కఱకు కుక్క అందామా అంటే ఇంట్లో అది లేగదూడకన్న మెత్తన. మన రైతులు ఉలికిపడే పశువును బెదురుగొడ్డు అంటారు. అదే సరిపోతుందనిపించింది. బెదిరిన ఎద్దు పలుపు తెంచుకొని పారిపోతుంది. బెదిరిన కుక్క మెడలో పట్టెడ ఉంటే పారిపోవడానికి దారి లేక మీదికి దూకుతుంది. చూసేవారికి అది పౌరుషంగా కనిపిస్తుంది.

2023 డిసెంబరు మొదటివారంలో మిగ్‌జాం తుపాను వచ్చింది. అది బాపట్ల దగ్గర తీరం దాటినా, మాకూ గాలి, వాన తప్పలేదు. రాత్రి గాలికి మా గేటు గడియ ఊడిపోయింది. తెల్లవారుజామున పేపరు వేసే కుర్రవాడు గొడుగు వేసుకొని వచ్చాడు. ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడు. చేతిలో గొడుగు మడిచేలోగా సరమ వెళ్ళి పిక్క పట్టుకుంది. ఒక్క పన్ను దిగింది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకొనిపోయాను. మా కుక్కకు ఏటేటా టీకా వేయిస్తూనే ఉన్నా, కరిపించుకున్నవారికి సూదిమందు వేయించక తప్పదు. ఆ రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు నాలుగు సార్లూ నేనే వెంటబెట్టుకొని వెళ్ళాను. సరమను పది రోజులు కట్టివేసి కనిపెట్టి ఉన్నాము. వాళ్ళ అమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "రాత్రి నిద్దట్లో ఉలిక్కిపడుతున్నాడండీ" అని మాత్రం అన్నది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

వీధిలో పెద్దలు నలుగురు వచ్చి, ఊరవతల వదిలివేసి రమ్మని హితవు చెప్పారు. పెంచిన జంతువును అలా వదిలివేయడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. నేరం కాకపోయినా నా చేత అయ్యే పని కాదు. మా ఆవిడ సమస్యను సూటిగా ముందు పెట్టింది. "సంక్రాంతికి అమ్మాయి పిల్లను తీసుకొని వస్తోంది. పిల్లకు నాలుగేళ్ళు. నలభై రోజులే ఉన్నాయి. ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నది. సరమను కొంగున చుట్టి తెచ్చిన మనిషే ఆ మాట అన్నదని చదువరులు గుర్తుంచుకోవాలి.

మొదట వచ్చినవారు పోలీసు కుక్కల దళంలో పనిచేసి విరమించిన ఒక కోనసీమ పెద్దమనిషి. కుక్కలంటే ప్రాణం. తాను పెంచిన కుక్క చనిపోయిన సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. అట్టివారిని కఠినులని తీసిపారేయడం న్యాయం కాదు. ఆయన సరమను అటూ ఇటూ నడిపించి చూసి, "మాస్టారూ, ఇది మిమ్మల్ని లెక్కసేయట్లేదండి. ఇంటికి పెద్ద తానే అనుకుంటోంది. పది రోజులు నాకొదిలేయండి. గొలుసు సప్పుడయితే సాలు, కిక్కురుమనదు. ఆయ్" అన్నారు. ఆయన సంచిలో ఉన్నది లాగితే మెడకు బిగిసే ఉరిగొలుసు. వీధి చివర ఒక కుక్క కనబడింది. సరమ ఎగరబోయింది. ఆయన ఒక్క గుంజు గుంజారు. కుయ్యిమన్నది. రెండవసారి గుంజారు. మూడవసారి ఆ కుక్క దగ్గరగా పోయినా సరమ నోరు తెరవలేదు. పావుగంట కూడా కాలేదు. మా ఆవిడ ముఖం వికసించింది.

నేను సరమ ముఖం చూస్తున్నాను. తోక కడుపు కిందికి పోయింది. ఆకలి లేకుండానే మూతి నాకుకుంటోంది. నిద్ర లేకుండానే ఆవులిస్తోంది. కంటి తెల్లగుడ్డు చంద్రవంకలా బయటపడింది. ఆ మౌనం నాకు కొత్తది కాదు. నా చిన్నతనంలో మాకు శబ్దాలు చెప్పిన ఒక గురువుగారు ఉండేవారు. తొడపాశానికి ఆయన పెట్టింది పేరు. ఆయన తరగతిలో చీమ చిటుక్కుమనేది కాదు. రామశబ్దం తప్పకుండా అప్పజెప్పినవాళ్ళం, ఆయన గడప దాటగానే అంతా మరిచిపోయేవాళ్ళం. ఆయన కిఱ్ఱుచెప్పుల చప్పుడు మాత్రం అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నా ఇంకా మరువలేదు. మేము ఆ తరగతిలో నేర్చుకున్నది రామశబ్దమా, ఆ చెప్పుల శబ్దమా?

నన్ను పట్టుకున్న ప్రశ్న అది. మొరగడం ఆగింది, సరే. మొరిగించినది ఏమయింది? కుక్క గుర్రుమనడం హెచ్చరిక. 'దగ్గరకు రాకు, నాకు భయంగా ఉంది' అని దాని భాషలో చెప్పుకోవడం. భయం తీయకుండా ఆ మాటను మాత్రం నొక్కివేస్తే, చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. నాలుగేళ్ళ పిల్ల తిరిగే ఇంట్లో గుర్రుమనే కుక్క మేలా, గుర్రుమనడం మరిచిన కుక్క మేలా? పైగా, వేరే కుక్క కనబడిన ప్రతిసారీ మెడ నొప్పి పుడితే, 'కుక్క వస్తే నాకు నొప్పి కలుగుతుంది' అని గట్టు మీద నేర్చుకున్న పాఠమే మళ్ళీ వల్లెవేయించినట్లు కాదా?

'ఇంటికి పెద్ద తానే అనుకుంటోంది' అన్న మాటకు కూడా ఒక చరిత్ర ఉంది. 1947లో షెంకెల్ అనే శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులో బాసెల్ జంతుశాలలోని తోడేళ్ళను పరిశీలించి, అవి పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని వ్రాశాడు. ఆ తోడేళ్ళు ఒకచోట బంధించి ఉంచినవి. 1970లో డేవిడ్ మెక్ తోడేళ్ళమీద వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం ఆ భావాన్ని లోకమంతటా వ్యాపింపజేసింది. తరువాత ఆ మెక్ గారే ఉత్తర ధ్రువానికి దగ్గరలోని ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూసి, గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న కుటుంబమే తప్ప సింహాసనం కోసం కొట్లాట కాదని 1999లో ప్రకటించాడు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రకాశకులను తానే అడిగాడు. పండితులలో ఇటువంటి నిజాయితీ అరుదు. మన తెలుగు పండితులలో ఎంత అరుదో చెప్పనక్కరలేదు. పుస్తకం మారినా మాట మారలేదు. ఉరిగొలుసు పద్ధతి తోడేళ్ళ సిద్ధాంతం కన్న పాతది. 1910లోనే కాన్రాడ్ మోస్ట్ అనే జర్మన్ పోలీసు శిక్షకుడు ఆ తరహా బోధనకు పుస్తకం వ్రాశాడు.

రెండవ సలహా మా అమ్మాయి ద్వారా వచ్చింది. హైదరాబాదులో ఒక యువతి కుక్కల ప్రవర్తన మీద చదువుకొని, ఫోనులో వీడియో ద్వారా పాఠాలు చెబుతుంది. ఆమె గంటసేపు ప్రశ్నలే వేసింది. ఎక్కడ పడుకుంటుంది, ఎన్ని గంటలు నిద్రపోతుంది, ఏ వైపు తాకితే ముడుచుకుంటుంది! "సార్, ముందు డాక్టరుకు చూపించండి. నొప్పి ఉన్న కుక్కకు పాఠం ఎక్కదు" అన్నది. చూపిస్తే, చీలి మానిన ఆ చెవి లోపల చీము పట్టి ఉంది. పన్నెండు రోజులు మందు వేశాము. పాఠం మొదలు కాకముందే సరమ తల నిమరనివ్వడం మొదలుపెట్టింది. రెండు వారాలు వీధిలోకి తీసుకొనిపోవద్దని కూడా ఆమె చెప్పింది. రోజూ బెదురుతూ ఉన్న ప్రాణికి ముందు కొంత విశ్రాంతి కావాలట.

ఆమె పద్ధతి వినగానే నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే అది నేను పండిత శిక్షణలో విద్యా మనోవిజ్ఞానం కింద పరీక్షకు వల్లెవేసినదే. పావ్‌లోవ్ శాస్త్రీయ నిబంధనం, థార్న్‌డైక్ ఫలిత నియమం, స్కిన్నర్ కార్యసాధక నిబంధనం, పునర్బలనం! ఈ మాటలు వ్రాసి మార్కులు తెచ్చుకున్న మాలో ఎవరికీ, పావ్‌లోవ్ పుస్తకంలోని కుక్క నిజంగా కుక్కేనని తోచి ఉండదు. సంసిద్ధతా నియమం, అభ్యాస నియమం, ఫలిత నియమం అని థార్న్‌డైక్ మూడు నియమాలు చెప్పాడని వ్రాస్తే పది మార్కులు. బహుమానం అలవాటును ఎంత బలపరుస్తుందో దండన దానిని అంతగా బలహీనపరచదని అదే థార్న్‌డైక్ 1930ల్లో తన నియమాన్ని తానే సవరించుకున్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

పని ఇది. వేరే కుక్కను సరమ చూడాలి, కాని బెదరనంత దూరంలో. చూసిన మరుక్షణం దానికి అత్యంత ఇష్టమైన పదార్థం నోట్లో పడాలి. కుక్క కనుమరుగైతే తినుబండారం కూడా ఆగిపోవాలి. వరుస తప్పకూడదు, ముందు కుక్క, ఆ తరువాత పదార్థం. పదార్థం ముందు చూపిస్తే అది మభ్యపెట్టడం అవుతుంది. ఆ దూరం ఎంతో కుక్కే చెబుతుంది. సరమకు అది అరవై అడుగులు. మిత్రుడొకరి ముసలి లాబ్రడార్ ఉంది. ప్రళయం వచ్చినా తల ఎత్తని సాధుజీవి. తెల్లవారుజామున ఆర్ట్స్ కళాశాల మైదానంలో అది ఒక మూల, మేము ఒక మూల.

పదార్థం దగ్గర చిక్కు వచ్చింది. కోడి కార్జం అయితే శ్రేష్ఠమని ఆ అమ్మాయి చెప్పింది. మా ఇంట్లో అది సాగదు. బిస్కత్తు ఇంట్లో తింటుంది, బయట భయంలో ముట్టదు. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, చాక్లెట్టు కుక్కలకు విషప్రాయాలు కనుక ప్రసాదాలలో చాలా భాగం కొట్టివేయవలసి వచ్చింది. చివరకు పనీరు గెలిచింది. కందిగింజంత ముక్కలు.

మా ఆవిడ అభ్యంతరం మాత్రం తేలికది కాదు. "మొరిగే కుక్కకు పనీరు పెడితే, మొరిగితే పనీరు వస్తుందని నేర్చుకోదా అండీ? అల్లరిచేసే పిల్లవాడికి బెల్లంముక్క పెట్టినట్టు కాదూ?" అని అడిగింది. వీడియోలో నేను ఇదే ప్రశ్న వేస్తే ఆ అమ్మాయి చెప్పిన సమాధానం నాకు నచ్చింది. పని వేరు, భయం వేరు. పనికి బహుమానమిస్తే పని పెరుగుతుంది. భయపడే ప్రాణికి మంచి తిండి పెడితే భయం పెరగదు. ఉరుముకు జడిసిన పిల్లను ఒడిలోకి తీసుకుంటే ఆ పిల్ల ఉరుములను ఇంకా ఎక్కువగా భయపడటం నేర్చుకుంటుందా? అదీగాక, అరవై అడుగుల దూరంలో సరమ మొరగడమే లేదు. మొరిగేంత దగ్గరకు పోయామంటే పాఠం చెడినట్టే, వెనక్కు రావలసిందే.

నేను ఊరికే నమ్మేవాణ్ణి కాదు కనుక చదవగలిగినది చదివాను. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యశాలకు ప్రవర్తన దోషాలతో తెచ్చిన కుక్కల యజమానులను అడిగితే, కొట్టడం, తన్నడం చేసినప్పుడు నూటికి 43 కుక్కలు తిరగబడ్డాయట. 2020లో పోర్చుగల్ శాస్త్రజ్ఞులు వేర్వేరు శిక్షణాలయాలలోని 92 కుక్కలను పరీక్షించారు. ఉమ్మిలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ కొలిచారు. తరువాత ఒక చమత్కారమైన పరీక్ష పెట్టారు. గదిలో ఒక పక్క గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, మరొక పక్క గిన్నె ఎప్పుడూ ఖాళీ. కుక్క ఇది నేర్చుకున్నాక గిన్నెను ఆ రెంటికీ నడుమ పెడతారు. అందులో తిండి ఉందో లేదో తెలియదు. బహుమానాలతో నేర్చినవి గబగబా పోయి చూశాయి. గుంజుళ్ళతో, గద్దింపులతో ఎక్కువగా నేర్చినవి తటపటాయిస్తూ పోయాయి. ఈ వాక్యం చదివి కాసేపు పుస్తకం మూసినట్టు కూర్చున్నాను. పాఠంలో లేని ప్రశ్న నల్లబల్ల మీద వ్రాసినప్పుడు చెయ్యి ఎత్తే పిల్లలు, ఎత్తని పిల్లలు ముప్పైయారేళ్ళ వరుసలో కళ్ళముందు కదిలారు. అమెరికాలో జంతు ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2021లో, బెదురు కుక్కలకు కూడా బహుమాన పద్ధతినే వాడాలని విస్పష్టంగా ప్రకటించింది.

అన్నిటికన్న నన్ను ఒప్పించిన తర్కం డాల్ఫినుది. ఈ పద్ధతిని కుక్కలవారికి ప్రచారం చేసిన కారెన్ ప్రయర్ అంతకుముందు హవాయి దీవులలో డాల్ఫిన్లకు విద్యలు నేర్పింది. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయలేరు. కోప్పడితే ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోతుంది. కాబట్టి నేర్పేవారికి నేర్పడం రావాలి. గొలుసు దొరికినచోట ఆ అవసరం తప్పిపోతుంది.

నీతిశాస్త్రం చదివినవారు సామ దాన భేద దండాలు నాలుగూ ఉపాయాలే కదా అని అడగవచ్చు. ఉపాయాలే. దండాన్ని చివర పెట్టారు. అంతకన్న ముఖ్యం, అవి శత్రువు విషయంలో రాజు వాడవలసినవి. సరమ నాకు శత్రువు కాదు. ఈ పేరు పెట్టినందుకు భారతంలోని కథ కూడా గుర్తు రాక తప్పలేదు. జనమేజయుని యాగశాలలోకి వచ్చిన సారమేయుణ్ణి, ఏ తప్పూ చేయకుండానే, రాజు తమ్ముళ్ళు కొట్టారు. వాడు వెళ్ళి తల్లితో చెప్పుకున్నాడు. సరమ వచ్చి, నా బిడ్డ హవిస్సును చూడనూ లేదు, నాకనూ లేదు, ఎందుకు కొట్టారని నిలదీసింది. సభలో ఒక్కరు బదులు చెప్పలేదు. ఊహించని భయం మిమ్మల్ని చుట్టుకుంటుందని శపించి వెళ్ళింది. నన్నయగారు తెలుగు భారతం ఆరంభంలోనే ఈ కథ పెట్టారు. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడెల్లా పిల్లలు కుక్కపిల్ల పక్షమే.

అయితే బహుమాన పద్ధతివారు చెప్పే ప్రతిదీ నాకు రుచించలేదు. 'వద్దు' అనే మాటే పలకరాదని కొందరంటారు. అది అతి. గేటుకు రెండు గడియలు వేయించడం, చుట్టూ జల్లెడ కొట్టించడం కూడా 'వద్దు' అని చెప్పడమే కదా, మాట లేకుండా. కోనసీమ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది కూడా ఒకటి ఉంది. నేను పట్టెడతాడును బిగించి పట్టుకొని నడుస్తున్నానని, తాడు బిగువు కుక్కకు నా గుండెదడను చేరవేస్తుందని ఆయన ఒక్క చూపులో కనిపెట్టారు. తాడు వదులుగా పట్టడం ఆయన పెట్టిన భిక్షే. పది రోజులకు ఆయనకు ఇవ్వవలసిన రుసుము కంటే కొంచెం ఎక్కువే ఇచ్చి నమస్కరించి పంపాను. ఆయన నొచ్చుకున్నారు. "పెళ్ళికి పిల్చి పెళ్ళికొడుకు మారేడన్నట్టుంది మాస్టారూ" అన్నారు.

ఇక్కడ ఒక నష్టం ఉంది, దాచనక్కరలేదు. ఆయన చేతిలో పెడితే సంక్రాంతికి సరమ నోరు మూసుకునేది. ఈ పద్ధతిలో సంక్రాంతి నాటికి అరవై అడుగులు యాభై అయ్యాయి, అంతే. అమ్మాయి వచ్చినన్నాళ్ళు సరమ పెరటి వసారాలో ఉన్నది. మూతికి చిక్కం అలవాటు చేశాము. దూడలకు కట్టే చిక్కమే, కాకపోతే కుక్కలకు నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుగా బుట్టలాగా అమ్ముతారు. లోపల వేరుసెనగ ముద్ద పూసి పెడితే తానే మూతి దూర్చేది. మనుమరాలు జల్లెడ ఇవతల నిలబడి "తాతయ్యా, దానికెందుకు బుట్ట?" అని అడిగింది. "దానికి పరీక్షలమ్మా" అన్నాను. పండుగ మూడు రోజులూ తాళంచెవి మా ఆవిడ నడుముకే ఉంది. రాత్రి రెండుసార్లు లేచి గడియ చూసుకునేది. ఆ భారం ఆమె మీద పడిందని నాకు తెలుసు. త్వరగా ముగిసే దారిని కాదన్నది నేను, నిద్ర చెడింది ఆమెకు.

చిత్రమేమంటే, ఇద్దరిలో మంచి బోధకురాలు ఆమే అయింది. ఈ విద్య అంతా సమయంలో ఉంది. కుక్క కనబడటానికీ పనీరు అందడానికీ మధ్య క్షణం జారితే లాభం లేదు. నేను ఆలోచించి ఇచ్చేవాణ్ణి. అరిసెల పాకం చూసిన చేయి ఆమెది. పాకం ముదరకముందే దించాలని ఆ చేతికి ఎవరూ చెప్పనక్కరలేదు. క్యాలెండరు వెనుక అడుగుల లెక్క వ్రాసింది. వేసవికి నలభై. 2024 దీపావళి టపాకాయలకు మళ్ళీ అరవైకి పోయింది. ఆ రాత్రి సరమ మంచం కింద నుంచి రాలేదు, మరునాడు మైదానంలో ముసలి లాబ్రడార్‌ను చూసి కూడా ఎగిరింది. "నెలల కష్టం గంగపాలు" అని నేను చతికిలబడితే, ఆమె కొత్త గీత గీసి అరవై అని వ్రాసింది. సంక్రాంతికి నలభై అయిదు. ఆపై వేసవికి ముప్పై. ఇప్పుడు పద్దెనిమిది అడుగుల దూరంలో వేరొక కుక్క పోతుంటే సరమ దాన్ని చూసి, వెంటనే తల తిప్పి మా ఆవిడ ముఖం చూస్తుంది. 'చూశాను, ఏదీ నాది?' అన్నట్టు. పద్దెనిమిదికి తక్కువైతే హామీ లేదు.

పేపరు వేసే కుర్రవాడి సంగతి చెప్పాలి. బెదిరింది సరమ ఒక్కతే కాదు. గేటు ముందుకు రానక్కరలేదని, పేపరు ఎదురింటి అరుగు మీద పెట్టమని నేనే చెప్పాను. ఏడాదిపైగా నేను వీధి దాటి తెచ్చుకున్నాను. మా ఇంటి ముందు వచ్చేసరికి వాడు సైకిలును అవతలి అంచుకు తిప్పేవాడు. సరమకు అరవై అడుగులు ఇచ్చినప్పుడు వాడికి మాత్రం ఎందుకు ఇవ్వకూడదు? 'కరవదులే, రా' అని నేను ఎన్నడూ అనలేదు. గతేడాది మాఘమాసంలో ఒకరోజు వాడే సైకిలు ఆపి, వీధికి అవతల నుంచి, "ఏం పెడతారండీ దానికి?" అని అడిగాడు. మా ఆవిడ పనీరు ముక్కలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. అక్కడి నుంచే ఒకటి విసిరాడు. గేటుకు తగిలి ఇవతల పడింది. సరమ చెవులు రిక్కించి, నన్ను చూసి, ముక్క తిని, మళ్ళీ వాడి వైపు చూసింది. వాడు ఇంకొకటి విసరకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తరువాత అప్పుడప్పుడు విసురుతూ వచ్చాడు. ఇప్పుడు డిగ్రీకి కాకినాడ వెళ్ళాడు, పేపరు వేరొకరు వేస్తున్నారు.

కఱ్ఱల బెదురు చాలా భాగం తీరింది. గొడుగు మిగిలింది. ఒక వస్తువు ఉన్నట్టుండి నాలుగింతలు కావడం కుక్కకే కాదు, ఆలోచిస్తే మనకూ విడ్డూరమే. వసారాలో మా ఆవిడ కుర్చీ వేసుకొని కూర్చుని, మూసిన గొడుగు నేలమీద పెట్టి ఒక ముక్క, చేత్తో పట్టుకొని ఒక ముక్క, బెత్తెడు తెరిచి ఒక ముక్క, ఇలా రోజుకు అయిదు నిమిషాలు. అంతకు మించి ఒక్క నిమిషం కూడా సాగనివ్వదు. ప్రస్తుతం గొడుగు సగం తెరుచుకుంటోంది. వానలు దిగేలోగా మిగతా సగం అవ్వాలని ఆమె పట్టుదల. పనీరు పావుకిలో చాలదు, అరకిలో తెమ్మని ఇప్పుడే వంటింట్లోంచి పురమాయించింది.